గళ్ల కాగితం, మగ్గం, తెర: పిక్సెల్ చిత్రానికి సాఫ్ట్‌వేర్ ఎంపిక

కంప్యూటర్ తెర మీదా ఫోను మీదా కనిపించే ప్రతి బొమ్మా, అది ఫోటో కావచ్చు, సినిమా దృశ్యం కావచ్చు, అక్షరం కావచ్చు, అడ్డు వరుసల్లోనూ నిలువు వరుసల్లోనూ పేర్చిన అతి చిన్న రంగుగళ్ల కూర్పే. ఆ గడిని పిక్సెల్ అంటారు. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసిన ఫ్రెడరిక్ బిల్లింగ్స్‌లీ 1965లో ఈ మాటను తొలిసారి అచ్చులో వాడాడు. బొమ్మలన్నీ పిక్సెళ్లతోనే ఏర్పడుతున్నా అన్నింటినీ పిక్సెల్ చిత్రాలు అనరు. ఫోటోలో ఏ గడికి ఏ రంగు పడాలో కెమెరా నిర్ణయిస్తుంది. పిక్సెల్ చిత్రంలో ఆ నిర్ణయం గడి గడికీ చిత్రకారుడిదే. 16 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తు ఉన్న చిన్న బొమ్మలో 256 గళ్లుంటాయి. వాటిలో ఒక్కటి పక్కకు జరిగినా నవ్వుతున్న ముఖం ముడుచుకుపోతుంది, పావురం కోడిపిల్లలా కనిపిస్తుంది. అందువల్ల ఈ కళకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవారు, అందులో ఎన్ని సదుపాయాలున్నాయో లెక్కించే ముందు, చిత్రకారుడు చెప్పని గడిని అది తనంతట తాను మారుస్తుందా అని అడగాలి. మిగిలిన ప్రశ్నలన్నీ దీని తర్వాతివే.

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్నను కంప్యూటర్ రాకముందే ఎదుర్కొన్న వృత్తి ఒకటుంది. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయ్యేదాకా కరీంనగర్ జిల్లాలోనే ఉండేది. అక్కడివారు సాంచాలని పిలిచే మరమగ్గాల్లో ఎక్కువ భాగం సాదా పాలిస్టర్ బట్టను నేసేవే కాబట్టి వాటికి డిజైన్ బొమ్మతో పనిలేదు. అంచులో పువ్వో కొంగులో నెమలో రావాలంటే మాత్రం మగ్గానికి డాబీనో జకార్డునో అమర్చాలి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం కింద వచ్చిన ఆర్డర్లు జరీ అంచుల, డాబీ డిజైన్ల నేతకు సిరిసిల్లలో చోటు పెంచాయి. ఈ రెండు పరికరాల్లో ఏది వాడినా డిజైన్ మొదట గళ్ల కాగితం మీదే పుడుతుంది, లేదా ఇప్పుడు జరుగుతున్నట్టు దానికి బదులు నిలిచిన కంప్యూటర్ తెర మీద పుడుతుంది.

కారణం బట్ట నిర్మాణంలోనే ఉంది. నిలువుగా సాగే పడుగు పోగు, అడ్డంగా సాగే పేక పోగు కలుసుకునే ప్రతి చోటా రెండే అవకాశాలున్నాయి: పడుగు పైకి రావచ్చు, లేదా పేక పైకి రావచ్చు. అంటే ఎంత మెత్తగా, ఎంత వంపులు తిరిగి కనిపించే నేత పువ్వయినా, లోపల అవును కాదు అనే రెండు జవాబులతో నిండిన గళ్ల పట్టికే. డాబీ పరికరం పడుగు పోగులను గుంపులుగా లేపుతుంది కాబట్టి చిన్న చిన్న నమూనాలకే సరిపోతుంది. జకార్డు పడుగు పోగులను పట్టుకునే ఒక్కో కొక్కేన్ని విడిగా లేపగలదు కాబట్టి పెద్ద బొమ్మ సాధ్యమవుతుంది. గళ్ల కాగితంలోని ఒక అడ్డు వరుసకు ఒక అట్ట, ఆ వరుసలో రంగు నింపిన గడికి అట్టలో ఒక రంధ్రం. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో బాసిల్ బూషోన్ 1725లో రంధ్రాల కాగితంతో మొదలుపెట్టిన ఈ ఆలోచనను జోసెఫ్ మరీ జకార్డ్ 1804 నాటికి పనికొచ్చే యంత్రంగా మలిచాడు. ఆయన మరణానంతరం 1839లో పట్టు మీద నేసిన ఆయన ముఖచిత్రానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయి. దూరం నుంచి చూసినవారు దాన్ని లోహపు పలక మీద చెక్కి అచ్చేసిన చిత్రమని భ్రమపడేవారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ చరిత్రను తెర నుంచి మొదలుపెట్టేవారు ఈ పట్టుముక్కను విడిచిపెట్టడం అన్యాయం.

సిరిసిల్ల చేనేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ జీ20 సదస్సు చిహ్నాన్ని తన చేత్తో నేసి ప్రధానమంత్రికి పంపగా, 2022 నవంబరు 27న ప్రసారమైన మన్ కీ బాత్‌లో దాని ప్రస్తావన వచ్చింది. ఆ చిహ్నంలో తామర పువ్వు ఉంది, దాని మీద భూగోళం ఉంది. రెండూ వంపులే, సరళరేఖ దాదాపు లేదు. వంపును పడుగు పేకల మీదికి దించాలంటే దాన్ని మెట్లుగా విడగొట్టాలి, ఏ మెట్టు ఎన్ని పోగుల పొడవుండాలో తేల్చాలి, రేక చివర ఒక పోగు దగ్గర ముగియాలా రెండు పోగుల దగ్గరా అని నిర్ణయించాలి. పిక్సెల్ చిత్రకారుడు తెర మీద చేసే పని కూడా ఇదే. వాలుగీతలో మెట్లు 3, 3, 2, 2, 1 అని క్రమంగా తగ్గితే కంటికి వంపు నునుపుగా కనిపిస్తుంది. 3, 1, 2, 3 అని ఎగుడుదిగుడుగా ఉంటే గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఈ నియమాన్ని మగ్గం దగ్గర నేర్చినా తెర ముందు నేర్చినా తేడా లేదు.

అదే ప్రాంతంలో దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచే కళలు కూడా ఉండడం విశేషం. భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి తీగపనిలో కళాకారుడు సన్నని తీగను మెలిపెట్టి, వంచి, చట్రంలో కుదుర్చుతాడు. ఆదిలాబాద్ ప్రాంతంలోని ఓజా కళాకారుల డోక్రా అనే లోహపు పనిలో మైనపు పోగులను మట్టి అచ్చు మీద చుట్టి, ఆ మైనం కరిగి ఖాళీ అయిన దారిలోకి లోహం పోస్తారు. ఈ రెండింటిలో బొమ్మకు మూలం గీత, గడి కాదు. కంప్యూటర్ చిత్రాల్లోనూ ఇలాంటి రెండు కుటుంబాలున్నాయి. గీత ఎక్కడ మొదలై ఎలా వంగి ఎక్కడ ముగుస్తుందో సూత్రంగా దాచుకునేది వెక్టర్ చిత్రం. దాన్ని గోడంత పెద్దది చేసినా అంచు చెదరదు. ఏ గడిలో ఏ రంగో పట్టికగా దాచుకునేది రాస్టర్ చిత్రం. ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా లాంటివి మొదటి కుటుంబానికి పనికొచ్చే సాధనాలు. ఫ్లెక్సీ బోర్డులు, పెళ్లిపత్రికలు చేసే దుకాణాల్లో కోరల్‌డ్రా వాడకం ఎక్కువ కాబట్టి చాలామంది యువకులు దానితోనే పిక్సెల్ చిత్రం కూడా గీయాలని చూస్తారు. అది వృథా శ్రమ. గీతల సాధనంలో గడి అనే ప్రాథమిక వస్తువే లేదు.

రాస్టర్ కుటుంబంలోనూ ప్రతి సాధనం పిక్సెల్ చిత్రానికి తగినది కాదు. ఎందుకో తెలియాలంటే పిక్సెల్‌ను చూసే రెండు దృష్టులను వేరు చేయాలి. పిక్సార్ సంస్థాపకుల్లో ఒకరైన ఆల్వీ రే స్మిత్ 1995లో రాసిన ఒక పత్రంలో, పిక్సెల్ అంటే చిన్న చతురస్రం కాదని, అఖండమైన దృశ్యం నుంచి ఒక బిందువు దగ్గర తీసిన నమూనా మాత్రమేనని గట్టిగా వాదించాడు. ఫోటోల విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్లూ సరైనది. నమూనాలను బట్టి మధ్యలో ఏముండేదో ఊహించవచ్చు కాబట్టే ఫోటోను పెంచినా తిప్పినా సాఫ్ట్‌వేర్ కొత్త గళ్లలో పొరుగు రంగుల సగటును నింపుతుంది, గీత అంచుల్లో గీత రంగుకూ నేల రంగుకూ నడిమి రంగులను చల్లి మెట్లు కనబడకుండా చేస్తుంది. ఈ రెండో పనిని యాంటీ ఏలియాసింగ్ అంటారు. పిక్సెల్ చిత్రంలో మాత్రం గడి దేనికీ నమూనా కాదు, దాని వెనక దాగిన వేరే దృశ్యమేదీ లేదు. అందువల్ల ఫోటోకు మేలు చేసే సదుపాయమే పిక్సెల్ చిత్రానికి హానిగా మారుతుంది.

ఆ హాని ఎంతటిదో నేతలో పెట్టి చూస్తే తెలుస్తుంది. తెల్ల నేల మీద నల్ల లత ఒకటి గీయాలనుకున్న డిజైనర్ మామూలు కుంచె వాడితే, తెర మీద రెండు రంగులే కనిపించినా ఫైలులో అయిదారు బూడిద రంగులు చేరి ఉంటాయి. మగ్గం మీద ప్రతి రంగుకూ ఒక పోగు కావాలి. అదనపు పేకతో పువ్వు నేసేటప్పుడు ఒకే వరుసలో మూడు రంగులుంటే ఆ వరుసకు మూడు అట్టలు, మూడు పేకలు. ఎవరూ కోరని ఆ బూడిద రంగులకు పోగు ఎక్కడి నుంచి వస్తుంది? వాటిని ఒక్కొక్కటిగా వెతికి తుడిచేసరికి గీయడానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ పడుతుంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌నైనా పరీక్షించడానికి తేలిక మార్గం, అందులో ఒక వాలుగీత గీసి, బాగా పెద్దది చేసి చూసి, గీసిన రంగు తప్ప మరో రంగు కనిపిస్తోందేమో గమనించడం. కొన్నింటిలో కుంచె బదులు పెన్సిల్ ఎంచుకుంటే చాలు. కొన్నింటిలో నునుపు చేసే సదుపాయాన్ని ఆపాలి. కొన్నింటిలో ఎంత ఆపినా బొమ్మను తిప్పేటప్పుడో సాగదీసేటప్పుడో అది మళ్లీ తలెత్తుతుంది.

ఇక రంగుల సంగతి. పిక్సెల్ చిత్ర సాధనాలను తూచడానికి ఇంతకు మించిన తూకం లేదు కాబట్టి దీన్ని వివరంగా చూడాలి. సాధారణ చిత్రాల్లో ప్రతి గడి తన రంగును తానే మోస్తుంది: ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత, పారదర్శకత ఎంత అని నాలుగు సంఖ్యలు, నాలుగు బైట్లు. ఇండెక్స్ రంగుల పద్ధతిలో అలా కాదు. బొమ్మకు పక్కన ఒక రంగుల పట్టిక ఉంటుంది, గడిలో ఆ పట్టికలోని వరుస సంఖ్య మాత్రమే ఉంటుంది. 32 గళ్ల చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న బొమ్మలో 1,024 గళ్లుంటాయి. మొదటి పద్ధతిలో దానికి 4,096 బైట్లు కావాలి. 16 రంగుల పట్టిక పెట్టుకుంటే ఒక్కో గడికి నాలుగు బిట్లు, అంటే సగం బైటు చాలు కాబట్టి 512 బైట్లు, పట్టికకు మరో 48 బైట్లు సరిపోతాయి. కంప్యూటర్ మెమరీ ఖరీదుగా ఉన్న రోజుల్లో యంత్రాలన్నీ ఈ దారే పట్టాయి. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్ అనే ఆటల యంత్రంలో కదిలే బొమ్మ ముక్కకు పారదర్శకం కాక మూడు రంగులే దక్కేవి. 1989 నాటి చేతి ఆటల యంత్రం గేమ్‌బాయ్ 160 గళ్ల వెడల్పు, 144 గళ్ల ఎత్తు ఉన్న తెర మీద నాలుగు ఛాయలతోనే నెగ్గుకొచ్చింది. డాన్ సిల్వా రాసిన డీలక్స్ పెయింట్ అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ 1985లో అమీగా కంప్యూటర్ మీద వెలువడినప్పుడు 4,096 రంగుల్లోంచి 32 ఏరుకుని వాడుకోవడం గొప్ప వైభోగంగా తోచింది.

మెమరీ చవకయ్యాక కూడా ఈ పద్ధతి నిలిచి ఉండడానికి కారణం వేరు. పట్టికలో అయిదో సంఖ్య దగ్గర ఉన్న మెరూన్ రంగును ఆకుపచ్చగా మారిస్తే బొమ్మలో ఆ సంఖ్య ఉన్న గళ్లన్నీ ఒక్కసారిగా ఆకుపచ్చవుతాయి. ఒక్క గడినీ ముట్టుకోనక్కర్లేదు. ఆటల్లో ఒకే సైనికుడి బొమ్మ రెండు సేనల దుస్తుల్లో కనిపించేది ఇలాగే. ఒకే అంచు డిజైన్‌ను ఎన్నో రంగుల్లో చూపి ఆర్డరు తీసుకోవలసిన నేత డిజైనర్‌కు దీని విలువ చెప్పనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైన లాభం క్రమశిక్షణ: పట్టికలో లేని రంగు బొమ్మలోకి చేరే దారే ఉండదు. మగ్గం మీద ఉన్న పోగుల రంగులనే పట్టికగా పెట్టుకుంటే, నేయలేని బొమ్మను గీయడం అసాధ్యమవుతుంది. ఈ కారణంగా, ఇండెక్స్ పద్ధతి నిజంగా ఉన్న సాఫ్ట్‌వేర్‌ను, రంగుల చిట్టాను పక్కన చూపడంతో సరిపెట్టే సాఫ్ట్‌వేర్ కన్నా ఒక మెట్టు పైన నిలపడం న్యాయం.

గడి ఆకారం మరో చిక్కు. తెర మీది గడి చతురస్రం. బట్టలోని గడి చతురస్రం కానక్కర్లేదు. అంగుళానికి 60 పడుగు పోగులు, 48 పేకలు పడే బట్ట ఉందనుకుంటే, తెర మీద 60 గళ్ల వెడల్పు, 60 గళ్ల ఎత్తుతో గుండ్రంగా గీసిన పువ్వు బట్టలో అంగుళం వెడల్పూ, అంగుళంపావు ఎత్తూ ఉండి కోడిగుడ్డులా సాగుతుంది. గుండ్రంగా రావాలంటే ఎత్తు 48 గళ్లకు తగ్గించి గీయాలి, అప్పుడు తెర మీద అది అణిగినట్టు కనిపిస్తుంది. పాత గళ్ల కాగితాలను నేతగాళ్లు ఇందుకే బట్టకు తగిన నిష్పత్తిలో, నిలువుగానో అడ్డంగానో సాగిన గళ్లతో వాడేవారు. కమోడోర్ 64 కంప్యూటర్‌లో ఎక్కువ రంగులు వాడే పద్ధతిలో గడి ఎత్తుకు రెట్టింపు వెడల్పు ఉండేది కాబట్టి ఆ యంత్రానికి గీసేవారికీ ఈ చిక్కు తెలుసు. అలాంటి గళ్లను చూపే సదుపాయం, ముందు ముందు వివరించబోయే గ్రాఫ్‌ఎక్స్2, ఏస్‌ప్రైట్ అనే సాధనాల్లో ఉంది; అయితే రెండింటిలోనూ ఒకటికి రెండు వంటి స్థిరమైన నిష్పత్తులే దొరుకుతాయి, 60కి 48 లాంటి నిష్పత్తి కావాలంటే నేత కోసమే చేసిన సాఫ్ట్‌వేర్‌కు వెళ్లక తప్పదు.

నమూనా పునరావృతం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అంచులో లత ఆగకుండా సాగాలంటే బొమ్మ కుడి చివర దాని ఎడమ చివరతో అతకాలి, ఆటలో నేల పలకలూ అంతే. బొమ్మను నాలుగు పక్కలా పేర్చి చూపుతూ గీయనిచ్చే పలకల వీక్షణం ఉన్న సాధనాన్నే తీసుకోవాలి.

ఇప్పుడు సాధనాల పేర్లలోకి వెళ్లవచ్చు. పిక్సెల్ చిత్రకారుల్లో ఎక్కువ పేరున్నది ఏస్‌ప్రైట్. అర్జెంటీనాకు చెందిన డేవిడ్ కపెల్లో 2001లో దీన్ని మొదలుపెట్టాడు. ఇండెక్స్ పద్ధతి, పొరలు, కదిలే బొమ్మల కోసం ముందు వెనక చట్రాలను లీలగా చూపే సదుపాయం, పలకల వీక్షణం అన్నీ ఇందులో ఉన్నాయి. చేత్తో గీసిన వంపులో మూల దగ్గర అనవసరంగా పడే గడిని తీసేసే ఏర్పాటు కూడా ఉంది; ఇది సాఫ్ట్‌వేర్ గడిని మార్చడమే అయినా చిత్రకారుడి అనుమతితో, కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి ఆక్షేపించనక్కర్లేదు. దీని ధర దాదాపు 20 డాలర్లు, ఒకసారి చెల్లిస్తే చాలు. డబ్బు పెట్టలేనివారికి మరో దారి ఉంది: దీని మూల కోడ్ బహిరంగంగానే ఉంటుంది, దాన్ని దించుకుని సొంత కంప్యూటర్‌లో కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చుకుని, స్వంతానికి వాడుకోవచ్చు, అలా చేసినదాన్ని ఇతరులకు పంచడం మాత్రం నిషిద్ధం. బాసరలోని ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం లాంటి చోట కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థికి ఈ పని కష్టం కాదు, పైగా మంచి అభ్యాసం.

ఏస్‌ప్రైట్ 2016 వరకు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద ఉండేది. ఆ ఏడాది లైసెన్స్ మారినప్పుడు, మార్పుకు ముందున్న కోడ్‌ను తీసుకుని కొందరు లిబ్రెస్ప్రైట్‌ను నడపసాగారు. కొత్త సదుపాయాలు అంత వేగంగా చేరకపోయినా గీయడానికి కావలసిన ముఖ్యమైనవన్నీ అందులో ఉన్నాయి, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది, ఒక బడి ప్రయోగశాలలోని యంత్రాలన్నింటిలో వేసుకున్నా, పిల్లలకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి పంపినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. జిల్లాల్లోని ప్రభుత్వ పాఠశాలలకూ, పాలిటెక్నిక్‌లకూ ఇదే తగినది. ధర లేకపోవడం ఒక్కటే కాదు, పంచుకునే హక్కు ఉండడం కూడా చదువుకు అవసరం.

డీలక్స్ పెయింట్ సంప్రదాయానికి నేటి వారసుడు గ్రాఫ్‌ఎక్స్2. ఎంఎస్ డాస్ కాలంలో పుట్టి తర్వాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మారిన ఈ సాధనానికి 256 రంగుల పట్టికను మించిన లోకం తెలియదు, అదే దాని బలం. ఇందులో ఇండెక్స్ పద్ధతి ఒక ఐచ్ఛికం కాదు, ఉన్నది అదొక్కటే. రూపం చూడగానే పాతకాలపుదిగా తోచి కొత్తవారు వెనక్కి తగ్గుతారు, మీటలన్నీ అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. మగ్గానికి డిజైన్ చేసేవారు ఆ కొన్ని రోజులు ఓర్చుకుంటే నష్టపోరు.

పిక్సెలోరామా గోడో అనే ఆటల ఇంజిన్ మీద నిర్మించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆటలు తయారుచేయదలచినవారికి, ముఖ్యంగా గోడోలోనే చేయదలచినవారికి సహజమైన ఎంపిక, అయితే ఇండెక్స్ పద్ధతి దీనిలోకి ఇటీవలే చేరింది. జూలియన్ దెకోత్ మొదలుపెట్టిన పిస్కెల్‌కు వేరే గుణముంది: బ్రౌజర్ తెరిస్తే చాలు, కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించనక్కర్లేదు. ఇంటర్నెట్ కేంద్రంలోనో హాస్టల్‌లోని ఉమ్మడి కంప్యూటర్ మీదో పనిచేసేవారికి అంతకన్నా సులువు ఉండదు. బొమ్మను సీ భాషలోని సంఖ్యల పట్టికగా ఇచ్చే సదుపాయం కూడా అందులో ఉంది. చిన్న మైక్రోకంట్రోలర్‌కు తెర తగిలించి బొమ్మ చూపాలనుకునే పాలిటెక్నిక్ విద్యార్థులకు అది చాలా పనికొస్తుంది. రంగుల విషయంలో మాత్రం పిస్కెల్ కట్టడి చేయదు. గ్రాఫిక్స్‌గేల్ జపాన్‌లో తయారై 2017 నుంచి ఉచితమైంది. ప్రోమోషన్ ఎన్‌జీ రంగుల పట్టికలను మలచడంలో నిపుణులు మెచ్చేది. ఈ రెండూ విండోస్‌కే పరిమితం.

ఫోటోషాప్, గింప్, క్రిటా లాంటి పెద్ద సాధనాలు ఇప్పటికే ఉన్నవారు కొత్తది వెతకడం అవసరమా అన్నది న్యాయమైన సందేహమే. ఫోటోషాప్, గింప్‌లలో ఇండెక్స్ పద్ధతి ఉంది, పెన్సిల్ ఉంది, గళ్ల జాలం చూపుకోవచ్చు. కానీ నునుపు చేసే సదుపాయాలను ఒక్కొక్కటిగా వెతికి ఆపాలి, ఒక్కటి మరిచినా ఫలితం ఫైలులో చేరుతుంది. క్రిటా చక్కని చిత్రలేఖన సాధనమే గాని ఇండెక్స్ పద్ధతి దాని స్వభావంలో లేదు. విండోస్‌తో పాటే వచ్చే పెయింట్‌ను తక్కువగా చూడడం తగదు, దాని పెన్సిల్ గడిని గడిగానే నింపుతుంది. అయితే పొరలు లేని పాత రూపాలే చాలా యంత్రాల్లో ఉన్నాయి, పైగా 16 రంగుల బీఎంపీ ఫైలుగా దాస్తే చిత్రకారుడి రంగులను పక్కకు తోసి తన సొంత 16 రంగులను రుద్దుతుంది. తొలి వారం అభ్యాసానికి అది చాలు.

కంప్యూటర్ లేని ఇళ్లలో కూడా ఫోను ఉంటుంది కాబట్టి పిక్సెల్ స్టూడియో, డాట్‌పిక్ట్ లాంటి ఫోను సాధనాలను లెక్కలోకి తీసుకోవాలి. అక్కడి చిక్కు సాఫ్ట్‌వేర్‌ది కాదు, వేలిది. వేలి కొన ఒకేసారి ఎన్నో గళ్లను కప్పేస్తుంది, ఏ గడి మీద రంగు పడుతోందో కనిపించదు. అందువల్ల వేలికి దూరంగా గుర్తును జరిపి, వేరే బొత్తాం నొక్కినప్పుడే గడి నింపే ఏర్పాటు ఉన్న సాధనం మేలు. 16 గళ్ల, 32 గళ్ల బొమ్మలు ఫోనులో హాయిగా చేయవచ్చు. జకార్డు అంచంత పెద్ద బొమ్మ చేయడం కళ్లకు శిక్ష.

తెలుగు అక్షరాలను బొమ్మలో చేర్చదలచినవారు మరో పరీక్ష కూడా చేయాలి. ఇంగ్లిషు అక్షరం 5 గళ్ల వెడల్పు, 7 గళ్ల ఎత్తులో ఇముడుతుంది. తెలుగులో తలకట్టు, గుడి పైన, వత్తులు కింద వస్తాయి కాబట్టి అక్షరానికి మూడు అంతస్తులు కావాలి. యూనిఫాంట్ అనే స్వేచ్ఛా పిక్సెల్ లిపి అక్షరాలకు 16 గళ్ల ఎత్తు కేటాయిస్తుంది, రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి వస్తే ఆ ఎత్తు కూడా ఇరుకే. సాఫ్ట్‌వేర్‌లోని అక్షరాల సాధనం తెరిచి స్త్రీ అని రాసి చూడాలి. వత్తులు విడిపోయి పక్కపక్కన పడితే ఆ సాధనానికి తెలుగు కూర్పు తెలియదని అర్థం, అప్పుడు అక్షరాన్ని చేత్తోనే గడి గడిగా గీసుకోవాలి. ఈ అవసరం తెలుగుకే పరిమితం కాదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో వెలుగు చూసిన రాతప్రతుల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11వ సంచికలో చేరింది. ఆ లిపిలో పిల్లల ఆటో, బొమ్మల పాఠమో చేయాలంటే చిన్న తెరల మీద చదవగలిగే పిక్సెల్ అక్షరాలు కావాలి. ఒక్కో అక్షరం ఎన్ని గళ్లలో తన ఆకారం పోగొట్టుకోకుండా నిలుస్తుందో ఆ లిపి చదవగలిగినవారే గీసి తేల్చవలసిన పని ఇది. దానికి పైన చెప్పిన ఉచిత సాధనాల్లో ఏదైనా సరిపోతుంది.

మాటలతో అడిగితే బొమ్మ తయారుచేసే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు పిక్సెల్ చిత్రాలంటూ ఇచ్చేవాటిలో ఎక్కువ భాగం పైకి అలా కనిపించేవే. పెద్దది చేసి చూస్తే గళ్లు ఒక్కో చోట ఒక్కో సైజులో ఉంటాయి, గీతలు జాలానికి అతకవు, రంగులు వేలల్లో ఉంటాయి. గడి గడినీ ఎవరూ నిర్ణయించలేదు కాబట్టి అలా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

గీయడం పూర్తయ్యాక బొమ్మ చెడేది ఎక్కువగా దాచేటప్పుడూ, పంపేటప్పుడూ. జేపెగ్ పద్ధతి బొమ్మను 8 గళ్ల చతురస్రాలుగా కోసి, కంటికి అంతగా తెలియని వివరాలను వదిలేసి ఫైలు తగ్గిస్తుంది. ఫోటోలో ఆ నష్టం కనిపించదు, పిక్సెల్ చిత్రంలో ప్రతి అంచు చుట్టూ మురికిలా తేలుతుంది. పీఎన్‌జీ ఒక్క గడినీ మార్చకుండా దాస్తుంది. 1987 నాటి జిఫ్ కూడా 256 రంగుల లోపు అంతే నమ్మకమైనది, కదలికకు ఇప్పటికీ పనికొస్తుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పీఎన్‌జీ కూడా జేపెగ్‌గా మారిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గానే పంపాలి. పెద్దది చేసేటప్పుడు రెండింతలు, మూడింతలు అని పూర్ణ సంఖ్యల్లోనే పెంచాలి; 32 గళ్లను 48కి సాగదీస్తే ఒక గడి ఒకటిగానే మిగిలి, పక్క గడి రెండవుతుంది, బొమ్మ ముఖం వంకరపోతుంది.

మగ్గానికి వెళ్లే బొమ్మకు ఇంకొక దశ మిగిలి ఉంటుంది, దాన్ని పిక్సెల్ సాఫ్ట్‌వేర్ చేయలేదు. ఒకే రంగు అడ్డంగా 40 గళ్లు ఆగకుండా సాగితే, అంగుళానికి 60 పడుగులున్న బట్టలో ఆ పేక అంగుళంలో మూడింట రెండు వంతుల పొడవున ఎక్కడా చిక్కుకోకుండా వదులుగా తేలుతుంది, గాజుకు తగిలి ఊడుతుంది. కాబట్టి ప్రతి రంగు స్థలంలో పేకను మధ్య మధ్య పట్టి ఉంచే అల్లికను నింపాలి. ఎక్కడ సాదా అల్లిక, ఎక్కడ వాలు అల్లిక, ఎక్కడ మెరుపు అల్లిక అన్నది పోగు మందాన్నీ, మగ్గాన్నీ ఎరిగినవారు తేల్చాలి. జకార్డు డిజైన్ కోసమే చేసిన సాఫ్ట్‌వేర్‌లు ఇండెక్స్ రంగుల బీఎంపీని తీసుకుని, పట్టికలోని ఒక్కో సంఖ్యకు ఒక్కో అల్లికను కేటాయించి, చివరికి పడుగు లేవాలా వద్దా అనే రెండు విలువల బొమ్మగా మార్చి అట్టలు కొట్టే యంత్రానికో ఎలక్ట్రానిక్ జకార్డుకో పంపుతాయి. అవి ఖరీదైనవి కాబట్టి పదిమంది డిజైనర్లు ఇంట్లో ఉచిత సాధనంతో బొమ్మ గీసి, పట్టికను శుభ్రంగా ఉంచి, ఆ చివరి దశ కోసం మాత్రమే అలాంటి సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక కేంద్రానికి ఫైలు తీసుకువెళ్లవచ్చు.